అనిపించని పరుగు

ఉదయం ఐదింటికి వీధి మొత్తానికీ పరుగెత్తాలనిపించింది.

తలుపులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. బూట్ల నాడాలు బిగించుకుని మెట్లు దిగుతున్నవాళ్ళ ముఖాల్లో, ఆకలిగా ఉన్నవాడికి వంటింట్లోంచి అన్నం వాసన తగిలినప్పటి వెలుగు ఉంది. ఎవరూ ఆవులించలేదు. ఎవరూ ఇంకాసేపని ముసుగు తన్నలేదు. చెవి వెనక చర్మం కింద ఇమిడి ఉండే ప్రేరణి అనే పరికరం, ఏ మనిషికి ఏ వేళ ఏ పని మంచిదో లెక్క కట్టి, సరిగ్గా ఆ పని మీద కోరిక పుట్టిస్తుంది. ప్రేరణి అన్నది ఆరోగ్య మండలి పెట్టిన పేరు. జనం గింజ అంటారు. గింజ వచ్చాక పుట్టిన పిల్లలకు బద్ధకం అనే మాటకు అర్థం విడమరచి చెప్పవలసి వస్తోంది. చెప్పినా వాళ్ళు నమ్మడం లేదు.

భీమిలి తీరపు రహదారికి ఎదురుగా, మూడో అంతస్తు వసారాలో కూర్చుని నూకరత్నం వాళ్ళను చూస్తోంది. ఆమెకు ఏమీ అనిపించలేదు.

రేవులో క్రేను నడిపి పదవీ విరమణ చేసిన మనిషి. వయసు అరవైకి దగ్గర. పరుగు మాత్రం ఇరవై ఏళ్ళప్పటి నుంచీ ఉంది. నిన్న కూడా ఆ గుంపులో ముందు వరసలోనే ఉంది. ఇవాళ మెలకువ వచ్చేసరికి, పెళ్ళి భోజనం చేసి లేచినట్టు ఒళ్ళంతా ఒక నిండుదనం. కాళ్ళ నొప్పి లేదు. దిగులు లేదు. కుర్చీ బాగుంది. గాలి బాగుంది.

"ఏటే రత్నం, అలా కూచుండిపోనావు?" అంటూ పైడమ్మ వంటింట్లోంచి వచ్చింది. పైడమ్మ ఆమె అన్న సింహాద్రి భార్య. అన్న పోయాక వదినా మరదళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. "నీ గింజ గాని నిద్దరోయిందేటి?"

"తెల్దు వదినా. వెళ్ళాలనిపించడం లేదు."

పైడమ్మ గోడపలక వైపు చూసింది. మండలి పంపిన సందేశం దాని మీద వెలుగుతోంది. పైకి చదివింది. "మీ మోకాళ్ళ స్థితిని అనుసరించి మీ పరుగు కోరికను విరమింపజేశాం. దాని స్థానంలో తగినంత తృప్తిని సమకూర్చాం. ఇకపై ప్రశాంతంగా ఉండండి."

చదివి నవ్వింది. "అదృష్టవంతురాలివి. ఆ తృప్తి నాకు ఎప్పుడో ఇచ్చీసారు. ఇదిగో, కాఫీ తాగు. రేపట్నుంచి ఇద్దరం ఇక్కడ కూచుని, ఆ పిచ్చోళ్ళకి పేర్లు పెట్టుకుందాం."

రత్నం కాఫీ తాగింది. బాగుంది. ఆ బాగుండటం దగ్గరే ఆమె ఆగిపోయింది.

గింజ రాకముందు ప్రతి ఉదయం ఒక కొట్లాట ఉండేది. మంచం ఒకవైపు లాగేది, తను ఒకవైపు లాగేది. ఓడిపోయిన రోజులు చాలా ఉన్నాయి. గెలిచిన రోజున రహదారి మీద మొదటి అడుగు పడగానే, ఎవరి మీదో తెలియని ఒక గర్వం కలిగేది. గింజ వచ్చాక కొట్లాట పోయింది, పరుగు సుఖమైంది. కొట్లాట పోయిందన్న సంగతి ఇన్నేళ్ళూ ఆమె గమనించనే లేదు. ఇప్పుడు పరుగూ పోయింది. ఇల్లు దోచుకున్న దొంగ వెళుతూ వెళుతూ ఇంటివాళ్ళకు జోలపాట పాడి వెళ్ళినట్టు ఉంది. దోపిడీ జరిగిందని తెలుసు. కోపం రావాలని తెలుసు. కోపం మాత్రం రావడం లేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె సర్దుబాటు కేంద్రానికి వెళ్ళింది. పైడమ్మ తోడు వచ్చింది. గింజలను సరిచూసే అధికారి హేమసుందర్ మనస్తత్వ శాస్త్రం చదువుకున్న యువకుడు, మర్యాదస్తుడు. ఆమె ఇష్టరేఖను తెర మీద తెరిచాడు. మనసులోని కోరికలన్నీ ఆ గీతలో ఎత్తుపల్లాలుగా కనిపిస్తాయి.

"మీకు బాధగా ఉందా అమ్మా?"

"లేదు."

"దిగులు?"

"లేదు బాబూ. చాలా బాగున్నాను."

"మరి ఇబ్బంది ఏమిటి?"

"అదే ఇబ్బంది. నా పరుగు నాకు ఇచ్చీయండి."

అతను తెర వైపు చూశాడు. గీత చదునుగా ఉంది. "మీకు పరుగెత్తాలనిపిస్తోందా?"

"లేదు."

"పోనీ, ఆ కోరిక తిరిగి రావాలనైనా అనిపిస్తోందా?"

"లేదు."

"మరి ఇక్కడికి రావాలని మాత్రం ఎలా అనిపించింది?"

"అనిపించలేదు. వచ్చాను."

హేమసుందర్ తెరను పక్కకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా వివరించాడు. తీసేసిన కోరికను తిరిగి ఇమ్మని ఎవరైనా అడగవచ్చు. అయితే ఆ అడగడం వెనక కోరిక ఉన్నట్టు ఇష్టరేఖ చూపించాలి. లేకపోతే ఆ విన్నపం ఎవరో బలవంతాన చేయించినట్టు లెక్క.

"అంటే, పరుగెత్తాలని నాకు ఉంటేనే, పరుగెత్తాలని ఉండేలా చేస్తావు."

"నియమం అలాగే ఉందమ్మా."

"తాళంచెవి లోపలెట్టి తలుపేసీసి, చెవి తెస్తే తీస్తానంటన్నాడే నాయన!" అంది పైడమ్మ.

అతను నవ్వు ఆపుకున్నాడు. "మీ మోకాళ్ళ కోసమే అమ్మా. లోపల మెత్తటి ఎముక అరిగింది. ఇంకా పరుగెత్తితే ముందు ముందు నొప్పి పెరుగుతుంది. అందుకని ఆపాం. ఆపినందుకు బాధ కూడా లేకుండా చేశాం. ఇందులో మీరు పోగొట్టుకున్నది ఏమిటి?"

రత్నం జవాబు కోసం వెతికింది. దొరకలేదు. పోయినదాని మీద మమకారం ఉంటే కదా, దాని పేరు నోటికి వచ్చేది. "నొప్పి నాది. దానికి భయపడాలో వద్దో నన్నడగాలి" అంది చివరికి. ఆ మాటలో ఆవేశమేమీ లేదు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది.

ఇంటికి వస్తూ ఒక మాట గురించి ఆలోచించింది. నాకు అనిపిస్తోంది, అంటాం. అంటున్నది నేను కాదు, ఎవరో నా చేత అనిపిస్తున్నారు. ఆ ఎవరో ఎవరన్నది తెలుగులో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఆ ఖాళీ కుర్చీలో ఒకప్పుడు దేవుడు కూర్చునేవాడు, రాత కూర్చునేది, ఒంట్లో వేడి, బయట ముసురు కూర్చునేవి. తర్వాత గింజను తెచ్చి కూర్చోబెట్టారు. వెళ్ళాను, చేశాను, పరుగెత్తాను అనే మాటల దగ్గర మాత్రం ఇంకో కుర్చీ ఉంది. అందులో ఇంకా ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు వీధి మొత్తానికీ పరుగెత్తాలనిపించినప్పుడు, ఆమె కూడా లేచి బూట్లు తొడుక్కుంది.

అనుకున్నదానికంటే కష్టం. వద్దనిపిస్తే పోట్లాడవచ్చు. ఏమీ అనిపించనప్పుడు ఎవరితో పోట్లాడాలి? ఎదురుగా శత్రువు లేడు. పరుపులాంటి తృప్తి ఒకటే ఉంది. గుద్దితే చేయి అందులోకి దిగిపోతోంది. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడి కారణం వెతికింది. ఆరోగ్యమా? అది గింజ చూసుకుంటుంది. ఆనందమా? ఉన్నదే చాలు. ఎవరికైనా చూపించడానికా? చూపించాలనీ లేదు. వెతకగా వెతకగా విసుగు కూడా రాకపోవడం గమనించి, వెతకడం మానేసింది. క్రేను మీద ఉన్నప్పుడు గాలిలో బరువు వేలాడుతుంటే, దించాలనిపిస్తోందా లేదా అని ఎవరూ తమను తాము అడగరు. చేయి మీట మీదికి వెళుతుంది, అంతే. ఆమె కుడికాలు ముందుకు వేసింది.

అది పరుగులా లేదు. ఎవరో వెనకనుంచి తోస్తే పడబోతూ నిలదొక్కుకుంటున్నట్టు ఉంది. ఒక్కొక్క అడుగునూ చేత్తో ఎత్తి పెట్టినట్టు పెట్టవలసి వచ్చింది. కాళ్ళు ఒక పని చేస్తూ మనసు దానితో లేకపోవడం గింజకు కొత్త. ఏదో లోటు పడిందనుకుని ఇంకాస్త తృప్తి పోసింది. రత్నం ముఖం మీద, పసిపిల్లలు నిద్రలో నవ్వే నవ్వు పరుచుకుంది. ఆ నవ్వుతోనే ఆమె, రేవులో నేర్చిన తిట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి పైకే తిట్టుకుంటూ ముందుకు సాగింది. ఎదురొచ్చినవాళ్ళు పలకరించబోయి, ఆ తిట్లు చెవిన పడగానే పక్కకు తప్పుకున్నారు.

పరుగెత్తగా పరుగెత్తగా ఇష్టం దానంతట అదే పుడుతుందని ఆమె లోలోపల లెక్క వేసుకుంది. పుట్టలేదు. వారాలు గడిచినా పుట్టలేదు. అలవాటు అవుతుందేమోనని చూసింది. అలవాటును కూడా వెనక నుంచి నెట్టేది కోరికేనని అప్పుడు తెలిసింది. నిన్నటి పరుగు ఇవాళ్టికి సాయం రాలేదు. ఏ ఉదయానికి ఆ ఉదయమే మొదటిది. కొన్నిసార్లు ఎదురుగా ఉన్న వీధి దీపం దాకా మాత్రమే అనుకుని బయల్దేరింది, ఆ దీపం దగ్గర తనకు తాను అబద్ధం చెప్పి తర్వాతి దీపానికి వెళ్ళింది. కొన్నిసార్లు బూట్లు తొడుక్కుని, మెట్ల మీదే కూర్చుండిపోయి, ఓడిపోయి లోపలికి వచ్చింది. ఓడిన రోజున కూడా హాయిగానే ఉండటం అన్నిటికంటే కష్టమైన సంగతి.

ఆమె అవస్థ చూసి పైడమ్మ ఫ్లాస్కు పట్టుకుని తీరానికి రావడం మొదలుపెట్టింది. పాత దీపస్తంభానికి కొంచెం ఇవతల బల్ల మీద కూర్చునేది.

"ఒలే, అదేటే ఆ నడక? నీ పక్కనుంచి ఎండ్రకాయ దాటుకుని ఎల్లిపోనాది!"

"నువ్వు లేచి చూపించు చూద్దాం."

"నాకు కూచోవాలనిపిస్తంది. నేను గింజ మాట వినే మనిషిని."

"కాఫీ ఉందా?"

"ఉన్నాది. ఆ స్తంభం ముట్టుకుని వస్తే ఇస్తాను. లేపోతే మొత్తం నేనే తాగీస్తాను."

"కాఫీ తాగాలని కూడా లేదు వదినా నాకు."

"అయితే నాకు పోటీయే లేదు. వస్తే రా, మానితే మాను."

రత్నం స్తంభం ముట్టుకుని వచ్చింది. బల్ల మీద కూలబడి మోకాలు రుద్దుకుంది. పైడమ్మ కప్పు అందిస్తూ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. సరదాగా ఉంటందా?"

"లేదు."

"పోనీ, అయిపోయాకైనా?"

"లేదు. మోకాలు సలుపుతుంది."

"మరెందుకే?"

"కారణం ఉంటే దాన్ని కూడా తీసీసేవాళ్ళు వదినా. లేదు గనకే మిగిలింది."

పైడమ్మ కప్పులో అడుగున మిగిలిన కాఫీని ఇసుకలో పారబోసి, చాలాసేపు సముద్రం వైపు చూసింది.

నెల తిరగకుండానే హేమసుందర్ తీరానికి వచ్చాడు. చేతిలో చిన్న తెర. రత్నం పక్కన నడుస్తూ వచ్చాడు. ఆమె పరుగుకు అతని నడక సరిపోయింది.

"ఈ గీత ఇలా ఉన్నప్పుడు మనిషి కుర్చీలోంచి లేవకూడదమ్మా" అన్నాడు.

"లేచాను కదా బాబూ."

"అదే మండలికి అర్థం కావడం లేదు. పరికరంలో లోపం అనుకుంటున్నారు. మీకు రెండో గింజ వేయమంటున్నారు. అది ఒంటి కదలికలను కూడా పట్టుకుంటుంది. అది వేశాక, కోరిక ముందు వస్తేనే కాలు లేస్తుంది."

రత్నం ఆగింది. "అంటే ఇక ఎప్పటికీ పరుగెత్తను."

"ఆ లోటు మీకు తెలియదు."

"నా సంతకం లేకుండా వేస్తారా?"

"వేయరు. వేలిముద్ర వేయకపోతే ఆ పని అక్కడితో సరి."

"అయితే వేయను."

అతను ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. "వేయాలనిపిస్తుందమ్మా" అన్నాడు. "ఎల్లుండి కేంద్రానికి రండి. అనిపించేలా చేస్తాం. పద్ధతి అదే."

చెప్పిన రోజున ఆమె వెళ్ళింది. వెళ్ళకపోతే భయపడినట్టని వెళ్ళింది. బల్ల మీద వేలిముద్ర పలక ఉంది. పైడమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. హేమసుందర్ ఏదో మీట తిప్పాడు.

ముందు ఏమీ తెలియలేదు. తర్వాత, ఎండలో నడిచి వచ్చినవాడికి నీళ్ళ కుండ కనిపించినట్టు ఆ పలక కనిపించింది. దాని నున్నటి గాజు మీద తన బొటనవేలు ఆనితే ఎంత చల్లగా ఉంటుందో ఒళ్ళంతటికీ తెలిసింది. కోరిక ఒంటరిగా రాలేదు. కారణాలను వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరికోసం ఈ పంతం? మోకాలు వాచిపోయింది కదా. వదిన రోజూ ఎండలో కూర్చుంటోంది కదా. ఈ పిల్లవాడు మంచివాడు, అతని ఉద్యోగం ఏమవుతుంది? ఒక్కటీ పరాయి గొంతు కాదు. అన్నీ తన గొంతులోనే వినిపించాయి. అన్నీ నిజమేననిపించింది. ఇంతకాలం చేసినదే ఎవరో చేయించిన పని అని, ఇదే తన అసలు కోరిక అని కూడా అనిపించింది. బొటనవేలు పైకి లేచింది.

అప్పుడు ఆమె ఒక చిన్న సంగతి గమనించింది. ఇన్నాళ్ళూ కాలు ఎత్తడానికి ఆమె మనసును అడగలేదు. అడగకుండానే కాలు లేచింది. అలాగైతే, చేయి దించడానికి మాత్రం ఎందుకు అడగాలి?

చేతిని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. రెండో చేత్తో పట్టుకుంది.

"వేయాలని లేదా అమ్మా?" అడిగాడు హేమసుందర్. గీత తెర పైఅంచును తాకి అక్కడే నిలబడి ఉంది.

"చాలా ఉంది బాబూ. మా పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత గట్టిగా అనిపించలేదు."

"మరి?"

"వేయను."

అతను మీటను ఇంకొంచెం తిప్పాడు. ఆమెకు చెమటలు పట్టాయి. పెదవులు ఎండిపోయాయి. దాహంతో ఏడ్చే పిల్లలా ఆ పలక వైపు చూస్తూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, చేతిని ఒళ్ళోంచి తీయకుండా కూర్చుంది. పైడమ్మ లేచి పలకను దూరంగా జరపబోయింది. "ఉండనీ వదినా. కళ్ళ ముందే ఉండనీ" అంది రత్నం. కేంద్రం మూసే వేళ వరకూ అలాగే కూర్చుంది.

హేమసుందర్ మీట ఆపేశాడు. తెర నల్లబడింది. అప్పుడు అన్నాడు: "కావాలనిపించింది మనిషి చేస్తాడు, అనిపించనిది చేయడు. ఈ పరికరం మొత్తం ఆ ఒక్క మాట మీదే కట్టారమ్మా. దానికి అవతల ఇంకేమైనా ఉంటుందని మాకు చదువులో చెప్పలేదు."

"ఇప్పుడు నీకేటి అనిపిస్తంది బాబూ?" అడిగింది పైడమ్మ.

"ఈవిడ మీద మండలికి గట్టిగా రాయాలనిపిస్తోంది." తన చెవి వెనక తడుముకుని, అలవాటు లేని నవ్వు నవ్వాడు. "రాయను."

తర్వాత రత్నం కొన్నాళ్ళు మెల్లగా పరుగెత్తింది. మోకాలు ఒప్పుకున్నంత దూరం, ఒప్పుకున్నంత వేగం. గింజ ఆమె మీద ఆశ వదులుకోలేదు. రోజూ తృప్తి పోస్తూనే ఉంది. ఆమె రోజూ నవ్వుతూ తిట్టుకుంటూనే ఉంది.

ఒక ఉదయం స్తంభం ముట్టుకుని వచ్చేసరికి, పైడమ్మ ఫ్లాస్కు తెరవకుండా కూర్చుని ఉంది.

"ఏటి వదినా, ఇవాళ తిట్లు లేవా?"

"రత్నం, నీతో ఒక పని పడింది."

"చెప్పు."

"మీ అన్నయ్య పోయి ఏడాది దాటిపోనాది. పెద్దకర్మ అయిన మర్నాడు నాకు గుత్తివంకాయ వండాలనిపించింది. వండుకుని తిన్నాను. బాగుంది. అప్పట్నుంచీ అన్నీ బాగానే ఉన్నాయి. అంతకాలం కాపురం చేసినోడు పోతే, ఇంత బాగుంటాదేటే?"

రత్నం పక్కన కూర్చుంది. తనకూ అంతే జరిగింది. అన్న పోయిన వారానికల్లా తను ఈ రహదారి మీద ముందు వరసలో, నవ్వుతూ, సుఖంగా పరుగెత్తింది. ఆ సంగతి ఇప్పటిదాకా గుర్తు రాలేదు. గుర్తు రావలసిన అవసరం కలగలేదు.

"నాకు ఏడుపు రావడం లేదు" అంది పైడమ్మ. "ఏడవాలనీ లేదు. కానీ ఏడుద్దామనుకుంటన్నాను. ఆయనకి బాకీ ఉన్నానని కాదు, నాకు కావాలనీ కాదు. ఎలా మొదలెట్టాలో చెప్పు. ఆ మొదటి రోజు నువ్వు కాలెలా ఎత్తావు?"

"ఎలా ఉంటుందోనని చూడకు. ముందు నోరు తెరువు."

"సిగ్గేస్తంది."

"నేను తిట్టుకుంటూ పరుగెత్తితే ఊరంతా చూసింది. కానియ్యి."

పైడమ్మ తల్లి కాలంలో, చావింటికి వెళ్ళిన ఆడవాళ్ళు గుమ్మంలోనే గొంతెత్తి, పోయిన మనిషిని పిలిచి, అతని గుణాలు వరసగా చెప్పుకుంటూ శోకాలు పెట్టేవాళ్ళు. కళ్ళల్లో తడి లేకుండానే మొదలుపెట్టేవాళ్ళు. అవి దొంగ ఏడుపులని చదువుకున్నవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఏడుపు రాకముందే ఏడుపులోకి నడిచి వెళ్ళే దారి అదని వాళ్ళకు తోచలేదు.

పైడమ్మ గొంతు సవరించుకుంది. కాగితం చూసి చదువుతున్నట్టు మొదలుపెట్టింది.

"నన్నొగ్గీసి ఎల్లిపోనావా నాయనో..."

ఆగింది. రత్నం వైపు చూసింది. రత్నం తల ఊపింది.

"చారులో ఉప్పు చాల్లేదని కాపురమంతా సణిగినావే నాయనో... చెప్పులు గుమ్మానికి అడ్డంగా ఇడిసినావే నాయనో... నేను తిట్టి తిట్టి పక్కకు పెట్టినానే నాయనో... ఇప్పుడు గుమ్మం ఖాళీగా ఉన్నాది నాయనో..."

గుమ్మం అనే మాట దగ్గర గొంతు జారింది. ఆమె దాన్ని పట్టుకోబోయింది, అందలేదు. గింజ తన పని తాను చేస్తోంది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. ఆ నవ్వు మీదుగానే కన్నీళ్ళు కారాయి. మాటలు పోయి ఒట్టి రాగం మిగిలింది, కాసేపటికి రాగం కూడా పోయి ఊపిరి ఎగబీల్చడం మిగిలింది. రత్నం వదిన చేయి పట్టుకుంది. తనకు ఇంకా ఏమీ రాలేదు. నోరు తెరిచి, "అన్నయ్యా" అంది. మళ్ళీ అంది.

పరుగెత్తేవాళ్ళు వాళ్ళ ముందు నుంచి వెళుతున్నారు. అందరూ వెళ్ళిపోయారు. నడివయసు మనిషి ఒకాయన మాత్రం దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చాడు. నిలబడిన చోటే అతని కాళ్ళు ఇంకా పరుగెత్తుతున్నాయి.

"ఏమైందండీ?"

"మా అన్నయ్య పోయాడు" అంది రత్నం.

"అయ్యో. ఎప్పుడు?"

"పోయిన ఏడాది."

అతను అర్థం కానట్టు చూశాడు. పైడమ్మను చూశాడు. ఆమె ముఖం మీద నవ్వునూ, దాని మీద తడినీ చూశాడు. వెళ్ళబోయాడు. వెళ్ళలేదు.

"మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది" అన్నాడు. వంగి, కదులుతున్న మోకాళ్ళను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆపుకున్నాడు. "నేనూ కూర్చోవచ్చా?"

పైడమ్మ ఏడుపు ఆపకుండానే, కొంగు దగ్గరికి లాక్కుని, బల్ల మీద చోటిచ్చింది.